మలుపు ఖర్చు ఎవరి ఖాతాలో?

ఏటా తొలి మంచు పడే రోజుల్లో మనవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోమంటావా, మామూలుది చాలా?" అని. టెక్సస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ప్రాజెక్టు మారి మిషిగన్లోనో మిన్నెసోటాలోనో వచ్చి పడ్డవాళ్ళు అడుగుతారు. ఏడాదో రెండేళ్ళో గడిచాక వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి రెండో ప్రశ్న అడుగుతారు. "ఒక్క టైరు పోతే నాలుగూ మార్చాలంటున్నాడు, వీడు నన్ను ముంచుతున్నాడా?" అని. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకచోటే ఉంది. కాకపోతే అది చెప్పాలంటే నూట పాతికేళ్ళ కథ చెప్పాలి. ఫోన్లో అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎద్దుల దగ్గర మొదలుపెడదాం. కళ్ళం తొక్కించడం నేను కళ్ళారా చూడలేదు, మా తాతయ్య చెప్పగా విన్నదే. నడిమి గుంజకి నాలుగైదు పశువుల్ని వరసగా కట్టి గుండ్రంగా తిప్పేవారట. గుంజ పక్కన ఉన్నది దాదాపు ఉన్నచోటే కాళ్ళు కదుపుతుంది. చివర ఉన్నది మాత్రం ఇంచుమించు పరిగెత్తాలి. అందుకని ముసలి ఎద్దుని లోపల, వయసు కోడెని బయట కట్టేవారు. కట్టింది ఒకే తాడుకి, తిరిగేది ఒకే గుంజ చుట్టూ, నడిచే దూరం మాత్రం దేనిది దానిదే. కారు మలుపు తిరిగేటప్పుడు జరిగేదీ అదే. నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దూరాలు నడుస్తాయి.

ఎడ్లబండికి ఈ గొడవ లేదు. దాని ఇరుసు తిరగదు, చక్రాలే ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. లాగే పని ఎద్దులది కాబట్టి చక్రానికి దొర్లడం తప్ప వేరే బాధ్యత లేదు. ఇంజను వచ్చి ఇరుసునే తిప్పడం మొదలెట్టాక తంటా వచ్చింది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగిస్తే రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. పోలేదు. అప్పుడు ఆ తేడాని ఎవరో ఒకరు భరించాలి. భరించేది టైరు. నేలకేసి రాసుకుంటూ, కీచుమంటూ, అరిగిపోతూ భరిస్తుంది. నన్నడిగితే ఆల్ వీల్ డ్రైవ్ చరిత్రంతా ఈ తేడా ఖర్చుని ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి మార్చిన చరిత్రే.

రెండు చక్రాల వరకూ ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది. ఒనెసిఫోర్ పెకూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు 1820ల చివర్లో, ఇంకా పెట్రోలు కారే పుట్టకముందు, ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కి పేటెంటు తీసుకున్నాడు. లారీ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బెత్తుగా కనబడేది అదే. లోపలి పళ్ళచక్రాలు రెండు వైపులకీ తిప్పే బలాన్ని సమానంగా ఇస్తాయి, వేగం మాత్రం ఎవరిష్టం వాళ్ళకి వదిలేస్తాయి. ఒకటి ఎంత నెమ్మదిస్తే రెండోది అంత పుంజుకుంటుంది. గొప్ప ఏర్పాటు. కానీ ఇందులో ఒక దెబ్బ ఉంది. సమానంగా ఇవ్వడమంటే, బురదలో ఉన్న చక్రం ఎంత తక్కువ బలం తీసుకోగలదో గట్టి నేల మీది చక్రానికీ అంతే ఇవ్వడం. కాలవ గట్టు మీద దిగబడ్డ లారీని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒక చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతుంటుంది, రెండోది పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా చూస్తూ ఉంటుంది.

ఇక నాలుగు చక్రాలూ లాగాలంటే లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. కుడి, ఎడమ తేడాతో పాటు ముందు, వెనక తేడా కూడా ఉంటుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2.6 మీటర్లున్న చిన్న కారు తీసుకోండి. పార్కింగులో వెనక ఇరుసు నడిమి భాగం 6 మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే, ముందు ఇరుసు నడిమి భాగం సుమారు 6.54 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. (పైథాగరస్ చాలు, పదో తరగతి లెక్కే.) పూర్తి చుట్టు తిరిగేసరికి ముందు వైపు మూడు మీటర్లకి పైగా ఎక్కువ నడుస్తుంది. ముందూ వెనకా ఒకే కడ్డీతో బిగించేసి ఉంటే ఆ మూడు మీటర్లూ టైర్లు ఈడ్చుకుంటూ పోవాల్సిందే.

ఈ చిక్కు అసలు లేకుండా చేసినవాడు ఒకడున్నాడు. కుర్ర ఫెర్డినాండ్ పోర్షే 1900లో లోనర్ కంపెనీలో ఉండగా నాలుగు చక్రాలకీ నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టిన రేసు కారు తయారుచేశాడు. దేని మోటారు దానిదే కాబట్టి మధ్యలో కడ్డీ లేదు, పంపకం లేదు, తగాదా లేదు. కాకపోతే బ్యాటరీ బరువు మోయలేక చచ్చేది. 1903లో హాలండులో స్పైకర్ సోదరులు పెట్రోలు ఇంజనుతో నాలుగు చక్రాలూ లాగే కారు చేశారు. ఆ కారు ఇప్పటికీ హేగ్‌లో లావ్‌మన్ మ్యూజియంలో ఉంది. రెండూ వింతలుగానే మిగిలిపోయాయి.

జనానికి ఫోర్ వీల్ అంటే ఏమిటో తెలిసింది జీపుతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకి పైగా చేశాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలెట్టాక మన తాసీల్దార్లకీ, పోలీసులకీ, ఎన్నికల ప్రచారాలకీ అదే వాహనమైంది. జీపులో ముందూ వెనకా మధ్య డిఫరెన్షియల్ లేదు. గేరు కర్ర పక్కనే ఇంకో రెండు పొట్టి కర్రలుంటాయి. అందులో ఒకటి వేస్తే ముందు ఇరుసు కూడా వెనక దానితో బిగుసుకుంటుంది. బురదలో, ఇసకలో, వాగులో ఇది భేషుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే తేడా ఖర్చు నేల భరిస్తుంది. చక్రం కొంచెం జారితే సరి. అదే కర్ర ఎండిన తారు రోడ్డు మీద వేసి మలుపు తిప్పితే నేల ఒప్పుకోదు. టైర్లు గునుస్తాయి, కడ్డీలు మెలిపడి బిగుస్తాయి, ఆ కర్ర మళ్ళీ వెనక్కి రానంటుంది. రివర్సులో రెండు గజాలు పోనిచ్చి ఆ మెలి విప్పడం పాత జీపు డ్రైవర్లకి తెలిసిన విద్య.

అంటే, రోడ్డు మీద ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడవాలంటే మధ్యలో మూడో డిఫరెన్షియల్ కావాలి. ఈ మాట పట్టుకుని జీవితం చివరి పదేళ్ళు గడిపిన మనిషి హారీ ఫెర్గూసన్. మన ఊళ్ళలో ఎర్రగా తిరిగే మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు మీద ఉన్న పేరు ఈయనదే. ఉత్తర ఐర్లండు రైతుబిడ్డ. ట్రాక్టరు వెనక నాగలిని మూడు చోట్ల తగిలించే పద్ధతి ఈయన పుణ్యమే, ప్రపంచంలో ఇప్పుడు దాదాపు ప్రతి ట్రాక్టరుకీ అదే. 1953లో ట్రాక్టర్ల వ్యాపారం మాసీ హారిస్‌కి అమ్మేశాడు. అప్పటికే ఆయన మనసు వేరే చోట ఉంది. మామూలు సంసారి నడిపే కారు వాన రోడ్డు మీద జారకూడదు, దానికి నాలుగు చక్రాల లాగుడూ, చక్రం బిగుసుకోని బ్రేకులూ ఉండాలి, అదీ ఆయన పట్టు. ఆయనకి తోడు మేజర్ టోనీ రోల్ట్. ఈయన కథ వేరే సినిమా: యుద్ధఖైదీగా జర్మనీలో కోల్డిట్జ్ కోటలో ఉండి, అటక మీద దొంగచాటుగా గ్లైడరు కట్టిన బృందంలో ఒకడు, తర్వాత 1953లో లె మాన్ రేసు గెలిచాడు.

ఫెర్గూసన్ కార్ల కంపెనీల గుమ్మాలు ఎక్కీ దిగీ అలిసిపోయాడు. ఖర్చెక్కువని ఎవరూ తీసుకోలేదు. సరే, రేసులో గెలిచి చూపిస్తే నమ్ముతారని పీ-99 అనే రేసు కారు కట్టించారు. 1961 సెప్టెంబరులో ఔల్టన్ పార్కులో, తడి రోడ్డు మీద, స్టర్లింగ్ మాస్ దాన్ని నడిపి గెలిచాడు. ఫార్ములా వన్ రేసులో నాలుగు చక్రాలూ లాగే కారు గెలవడం అదే మొదలు, అదే ఆఖరు. చూడ్డానికి ఫెర్గూసన్ లేడు, అంతకు పదకొండు నెలల ముందు, 1960 అక్టోబరులో పోయాడు.

ఆయన పద్ధతితో రోడ్డు కారు 1966లో వచ్చింది. జెన్సన్ ఎఫ్ఎఫ్. అందులో రెండు ఎఫ్‌లూ ఫెర్గూసన్ ఫార్ములావే. ఇంజను బలంలో 37 శాతం ముందుకి, 63 శాతం వెనక్కి. ఈ 37, 63 ఎక్కడివి అంటే, మధ్య డిఫరెన్షియల్లో పళ్ళచక్రాల సైజుల్లోంచి. బయటి పెద్ద చక్రం నుంచి ఒక ఇరుసుకి, లోపలి చిన్న చక్రం నుంచి రెండో ఇరుసుకి బలం తీస్తే ఎక్కువ తక్కువలు వాటంతటవే వస్తాయి. పెద్ద పిడి ఉన్న తిరగలి సులువుగా తిరిగినట్టే. దీనికి డన్‌లప్ వాళ్ళు విమానాల కోసం చేసిన జారని బ్రేకులు కూడా తగిలించారు. అన్నీ ఉన్నాయి, అమ్మకాలే లేవు. 1971 దాకా మొత్తం 320 కార్లు. దాని అమరిక వల్ల స్టీరింగు కుడిపక్క తప్ప ఎడమపక్క పెట్టడం కుదరలేదట, దాంతో అమెరికా బజారు తలుపే మూసుకుపోయింది. పాతికేళ్ళు ముందు పుట్టడం కూడా ఒక నేరమే మరి.

ఇటు జపానులో ఇదే పని ఏ తత్వం లేకుండా, అవసరం కొద్దీ జరిగింది. తొహోకు ప్రాంతపు కరెంటు కంపెనీ వాళ్ళు, మంచులో లైన్లు బాగుచేయడానికి జీపుల్లో పోయి పోయి, చలికి వణికి, కారులా వెచ్చగా ఉండి జీపులా పోయే బండి కావాలని అడిగారు. దాన్నుంచి 1972లో సుబారు లియోన్ ఫోర్ వీల్ వచ్చింది. జీపులాగే కర్రతో వేసుకునేది, మధ్య డిఫరెన్షియల్ లేదు, కాబట్టి పొడి రోడ్డు మీద పనికిరాదు. అయినా చవగ్గా ఉంది, అమ్ముడుపోయింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఘట్టం. 1977 చలికాలంలో ఫిన్లండు మంచులో ఆడీ ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఒక సంగతి గమనించాడు. వాళ్ళతోపాటు వచ్చిన ఇల్టిస్ అనే సైనిక జీపు, 75 గుర్రాల శక్తిది, తనకంటే చాలా బలమైన కార్లని మంచులో వెనక్కి నెట్టేస్తోంది. దీన్నే వేగంగా పోయే కారులో పెడితే? ఒక ఆడీ 80 తీసుకుని నాలుగు చక్రాలకీ బలం ఇచ్చారు. మధ్య డిఫరెన్షియల్ లేకుండానే. 1978 జనవరిలో ఆస్ట్రియా కొండల్లో టురాఖర్ హోహె కనమ మీద, మంచులో, మామూలు ఎండాకాలం టైర్లతో ఎక్కి చూపించారు. పెద్దలు మెచ్చారు. పని అయిపోయినట్టే.

తర్వాత ఫోక్స్‌వాగన్ సాంకేతిక విభాగానికి పెద్ద అయిన ఎర్న్‌స్ట్ ఫియాలా ఆ కారుని వియన్నాకి తీసుకెళ్ళాడట. ఆయన భార్య దాన్ని ఊళ్ళో నడిపి, పార్కు చేస్తుంటే కారు కుందేలులా గెంతుతోందని ఫిర్యాదు చేసిందని చెబుతారు. దాంతో ఆయన మధ్యలో డిఫరెన్షియల్ ఉండి తీరాలన్నాడు. మంచు కొండ మీద మహా మహా ఇంజనీర్లకి కనబడనిది, ఎండిన వీధిలో పార్కింగు దగ్గర తెలిసింది. కొండ మీద మంచు ఖర్చు భరించింది, వియన్నా వీధిలో టైరు భరించాల్సి వచ్చింది, అంతే తేడా. ఇంజనీర్లు అదనపు పెట్టె పెట్టడానికి చోటు లేక తల పట్టుకుంటే, ఫ్రాంజ్ టెంగ్లర్ అనే డిజైనరు గేరుబాక్సు కడ్డీనే బోలుగా చేశాడు. 263 మిల్లీమీటర్ల పొడవు. బలం ఆ గొట్టం గుండా వెనకనున్న డిఫరెన్షియల్ దాకా పోతుంది, ముందు చక్రాల వాటా అదే గొట్టం లోపలి కడ్డీ గుండా తిరిగి వస్తుంది. 1980 జెనీవా ప్రదర్శనలో క్వాట్రో అలా బయటికొచ్చింది. మరుసటి ఏడే మిషెల్ మూటాన్ దాంతో శాన్రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ గెలిచిన మొదటి స్త్రీ అయింది.

మూడో డిఫరెన్షియల్ వచ్చాక టైరు బతికిపోయింది. కానీ పాత జబ్బు పెద్దదై తిరిగొచ్చింది. ఇప్పుడు ఒక్క చక్రం మంచు మీద జారితే చాలు, బలమంతా అక్కడే గిర్రున పోతుంది, మిగతా మూడూ చుట్టాలే. అందుకని డిఫరెన్షియల్‌కి కొంచెం బిగువు కావాలి, మలుపుకి వదలాలి, జారుడుకి పట్టాలి. ఇక్కడ్నుంచి ఎవరి కిటుకు వాళ్ళది. ఫెర్గూసన్ శిష్యుల సంస్థ తయారుచేసిన జిగురు నూనె డబ్బా మన విస్కాన్సిన్ కారులో కెక్కింది: 1980 మోడలు ఏఎంసీ ఈగిల్. డబ్బాలో చిల్లుల పళ్ళేలు పక్కపక్కనే, సగం ముందు కడ్డీవి, సగం వెనక కడ్డీవి, మధ్యలో చిక్కటి సిలికాన్ నూనె. వేగాల తేడా కొంచెమే ఉంటే నూనె పోనీలే అంటుంది, ఎక్కువైతే పట్టుకుంటుంది. ఆడీ 1980ల నడుమ నుంచి టోర్సెన్ అనే, వెర్నన్ గ్లీస్మన్ కనిపెట్టిన మరపళ్ళ డిఫరెన్షియల్ వాడింది. 1998లో స్వీడన్ వాళ్ళ హాల్డెక్స్ క్లచ్చి వచ్చింది. ఇది పెట్టిన బండి మామూలుగా ముందు చక్రాలతోనే నడుస్తుంది, అవి జారితే క్లచ్చి బిగిసి వెనక వాటికీ బలం ఇస్తుంది. ఈనాడు మనవాళ్ళు కొనే చిన్న ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ఈ కోవవే.

కాబట్టి అమ్మకందారు "అరవై నలభై" అన్నప్పుడు, ఏ కిటుకుతో అని అడగండి. పళ్ళచక్రాలతో అయితే అది నిజంగా బలం పంపకమే. క్లచ్చి బండిలో అయితే క్లచ్చి ఎంత బిగిస్తే అంత. పూర్తిగా బిగించిన బండిలో అసలు శాతమనేదే లేదు, ఏ చక్రానికి ఎంత పట్టు ఉంటే అది అంత తీసుకుంటుంది.

ఇక టైరు సంగతి. చాలామంది నాలుగు చక్రాలూ లాగితే నాలుగు టైర్లూ తొందరగా అరుగుతాయనుకుంటారు. లాగుడు వరకూ నిజానికి తిరగబడి ఉంది. ఒక్కో టైరు మీద సగం బలమే పడితే దాని జారుడూ సగమే, అరుగుదల సగానికంటే కిందికి దిగుతుంది. బండి కొంచెం బరువెక్కువ కాబట్టి కొంత లాభం పోతుంది. అసలు ఇబ్బంది అరగడంలో లేదు, నాలుగూ ఒకేలా అరగకపోవడంలో ఉంది.

205/55 ఆర్ 16 టైరు తీసుకోండి. కొత్తదాని చుట్టుకొలత సుమారు 1985 మిల్లీమీటర్లు. కిలోమీటరుకి 504 చుట్లు. గాడి లోతు 8 నుంచి 4 మిల్లీమీటర్లకి అరిగితే చుట్టుకొలత 1960, చుట్లు 510. తేడా ఆరున్నర. వెనక రెండూ కొత్తవి, ముందు రెండూ అరిగినవి అనుకుంటే, ఇరుసు దగ్గరి గేరు నిష్పత్తి నాలుగు కాబట్టి మధ్య డిఫరెన్షియల్ దగ్గర కిలోమీటరుకి సుమారు 26 చుట్లు. (రేడియల్ టైరులో లోపలి స్టీలు పట్టీ సాగదు కాబట్టి అసలు తేడా ఈ లెక్కకంటే కొంత తక్కువే ఉంటుంది. అయినా ఉంటుంది.) శాతంలో చూస్తే ఒకటిన్నర కూడా లేదు, పార్కింగు మలుపులో తొమ్మిది దాకా చూశాం కదా, ఇదెంత అనిపిస్తుంది. కానీ మలుపు పది సెకన్లలో అయిపోతుంది. అరిగిన టైరుకి షికాగో నుంచి డెట్రాయిట్ దాకా తిన్నటి రోడ్డంతా మలుపే. సిలికాన్ నూనె గంటల తరబడి చిలికి చిలికి వేడెక్కుతుంది. మొదటి తరం హాల్డెక్స్‌లో అయితే ముందూ వెనకా వేగాల తేడాయే పంపుని నడుపుతుంది, పాపం అది బండి జారుతోందనుకుని ఆగకుండా కొడుతూనే ఉంటుంది. కడకి ఖర్చు మన క్రెడిట్ కార్డు ఖాతాలో పడుతుంది, నాలుగు టైర్ల ధరకి కొన్ని రెట్లు.

గమనించారా, ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఒక్క టైరు మారిస్తే ఇరుసు సగటు కాబట్టి మధ్యలో 13 చుట్లే. "పోనీ రెండన్నా మార్చండి" అనే సలహా పాటించి ఒకే ఇరుసుకి రెండూ వేస్తే 26. ముందు చక్రాల కారుకి మంచి సలహా, ఈ బండికి చేటు.

నాకు ఈ అనుభవం రెండేళ్ళ క్రితం అయింది. టైరు పక్కగోడలో మేకు దిగింది, అతుకు పడదు. మిగతా మూడింటికీ ఇంకా 5 మిల్లీమీటర్ల గాడి ఉంది. వెళ్ళిన మొదటి షాపులో నాలుగూ మార్చాలన్నారు. కారణం అడిగితే కంప్యూటర్లో అలా ఉందన్నారు. ఆ మాట మనం క్లయింటుకి చెప్తే ఊరుకుంటారా? ఇంకో దారి ఉంది, కొత్త టైరుని మరమీద పెట్టి పాతవాటి లోతుకి గీసి ఇస్తారు. రేసుల వాళ్ళకి పాత అలవాటే. నేను అదే చేయించాను. మా ఆవిడ మాత్రం, కొత్త పట్టుచీర కొని అంచు కత్తిరించి కట్టుకున్నట్టుందని ఇప్పటికీ నలుగుర్లో చెబుతుంది. మీ బండి పుస్తకంలో ఎంత తేడా వరకూ ఫరవాలేదో రాసి ఉంటుంది, కంపెనీ కంపెనీకీ మారుతుంది, అది చూడండి. అయిదారు వేల మైళ్ళకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. నాలుగూ కలిసి ముసలివైతే చిక్కే లేదు.

మొదటి ప్రశ్నకి జవాబు కూడా చెప్పేస్తాను. ఈ యంత్రాంగమంతా బండిని కదిలించడానికే. ఆపేది బ్రేకులు, అవి ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉన్నాయి. మంచులో ఎర్ర దీపం దగ్గర మీరు అందరికంటే ముందు కదిలినంత మాత్రాన అందరికంటే ముందు ఆగరు. మీ వీధిలో మంచు తీయకపోయినా, ఇల్లు గుట్ట మీదున్నా ఆల్ వీల్ కొనండి. లేకపోతే ఆ డబ్బులో కొంత పెట్టి, చలికి గట్టిపడని రబ్బరుతో చేసిన చలికాలపు టైర్లు నాలుగు కొనండి. ఫెర్గూసన్ జారని బ్రేకులు కూడా కావాలన్నది ఊరికే కాదు.

అన్నట్టు, కుర్ర పోర్షే లెక్కే ఇప్పుడు మళ్ళీ గెలుస్తోంది. 2014లో టెస్లా ముందో మోటారు, వెనకో మోటారు పెట్టిన మోడల్ ఎస్ చూపించింది. 2021లో వచ్చిన రివియన్ ట్రక్కులో చక్రానికో మోటారు. ముందుకీ వెనక్కీ మధ్య కడ్డీ లేదు కాబట్టి నూనె ఉడకదు, క్లచ్చి మాడదు. పంపకమంతా ప్రోగ్రాం చూసుకుంటుంది, అంటే మనలాంటివాళ్ళ నెత్తిన పడింది. ఒక టైరు కొంచెం చిన్నదైతే ఆ చక్రం జారుతోందా, లేక అరిగిందా అన్నది ఆ ప్రోగ్రామే తేల్చుకోవాలి. ఇంత చేసినా ఆ బండ్లకి బ్యాటరీ బరువు ఎక్కువ, కాలు పెట్టగానే వచ్చే బలమూ ఎక్కువ, అందుకని టైర్లు పెట్రోలు కార్లకంటే తొందరగా అరుగుతున్నాయి.